జోలె కట్టి చదువుకున్న గాయకుడు: ఘంటసాల



ఫిబ్రవరి వచ్చిందంటే మన ఇళ్లలో రివిజన్లు, ప్రీ-ఫైనల్స్, స్లిప్ టెస్టుల మాట తప్ప ఇంకో మాట వినపడదు. పరీక్షలు అయ్యేదాకా టీవీ కనెక్షన్ తీయించేసే ఇళ్లు కూడా ఉన్నాయి. ఆ తొందరలో మనం మరిచిపోయే తేదీ ఒకటి ఇదే నెలలో ఉంది. 1974 ఫిబ్రవరి 11న ఘంటసాల వెంకటేశ్వరరావుగారు కన్నుమూశారు. ఈ నెల ఈ పేజీని ఆయనకు కేటాయించడానికి రెండు కారణాలున్నాయి.

మొదటిది మా తెనాలి క్యాంపస్‌లో జరిగింది. ఏడో తరగతి స్టడీ అవర్. బయట రోడ్డు మీద వైకుంఠరథం వెళ్తోంది. మైకులో ఘంటసాల భగవద్గీత. కిటికీ పక్కన కూర్చున్న పిల్లలు పుస్తకం మూసి బిగుసుకుపోయారు. ఒక అబ్బాయి పక్కవాడికి మెల్లగా చెబుతున్నాడు, ఎవరైనా చచ్చిపోతే పాడే ఆయన గొంతు అదేనని. వాడి తప్పేమీ లేదు. వాడు పుట్టాక ఆ గొంతు విన్న సందర్భం అదొక్కటే.

రెండోది పేరెంట్స్ మీటింగులో జరిగింది. బాపట్ల వైపు నుంచి వచ్చిన ఒక తండ్రి, శనివారం మ్యూజిక్ పీరియడ్ నుంచి తమ పాపను తప్పించి ఆ గంట మ్యాథ్స్ డౌట్స్‌కి కూర్చోబెట్టగలరా అని ఎంతో మర్యాదగా అడిగారు. ఆ రోజు నా దగ్గర సరైన జవాబు లేదు. ఇప్పుడు రాస్తున్నది ఆయనకు కాస్త ఆలస్యంగా ఇస్తున్న జవాబు అనుకోండి.

నేను ఎలా విన్నాను

మాది తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలు దారిలో ఒక చిన్న ఊరు. చిన్నప్పుడు తెల్లవారుజామున గుడి మైకులోంచి వచ్చే ఘంటసాల పద్యాలంటే నాకు నిద్ర చెడగొట్టే గోల. ఆయన గీత అంటే, నిజం చెప్పాలి, మా క్లాసు అబ్బాయికున్న భయమే నాకూ ఉండేది. కాలేజీకి వచ్చాక హిందీ పాటల పిచ్చి పట్టింది. మహమ్మద్ రఫీ క్యాసెట్లు కొనుక్కుని అరిగిపోయేదాకా వినేదాన్ని. అందులో సువర్ణసుందరి హిందీ సినిమాకు రఫీ, లతా మంగేష్కర్ కలిసి పాడిన రాగమాలిక ఒకటి ఉంది. సోహిని, బహార్, జోన్‌పురి, యమన్, ఇలా నాలుగు రాగాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. సెలవులకు ఇంటికి వచ్చి ఆ పాట గొప్పగా వినిపిస్తుంటే, మా నాన్నగారు ఏమీ అనకుండా లోపలికి వెళ్లి, అదే బాణీలో 1957 నాటి తెలుగు పాట పెట్టారు. ఘంటసాల, జిక్కి. రెండింటికీ సంగీతం ఆదినారాయణరావుగారిదే.

ఆ రోజు రెండు పాటలూ మార్చి మార్చి విన్నాం. రఫీ గొప్పవాడు కాదని ఎవరూ అనలేరు. 1969లో భలే తమ్ముడులో ఎన్టీఆర్‌కు ఆయన తెలుగులో పాడితే మనవాళ్లు ఆదరించారు కూడా. కానీ తెలుగు పాట విన్నప్పుడు నాకు ఒక సంగతి మొదటిసారి తెలిసింది. ఎంత కష్టమైన సంగతిలో ఉన్నా ఘంటసాల నోట ఒక్క అక్షరం నలగదు. రాగం ఎక్కడికి వెళ్లినా మాట చెయ్యి వదలదు. అది పుట్టుకతో వచ్చిందనుకున్నాను. ఆయన జీవితం తెలిశాక కాదని అర్థమైంది.

తండ్రి భుజాల మీద మొదలైన బడి

ఘంటసాల 1922 డిసెంబరు 4న కృష్ణా జిల్లా గుడివాడ దగ్గరి చౌటపల్లిలో పుట్టారు. తల్లి రత్తమ్మ, తండ్రి సూరయ్య. తండ్రి మృదంగం వాయించేవారు, భజనలు చేసేవారు, తరంగాలు పాడేవారు. కొడుకును భుజాల మీద కూర్చోబెట్టుకుని ఊరూరా తీసుకెళ్లేవారు. తండ్రి పాడుతుంటే ఆ పసివాడు తాళానికి తగ్గట్టు అడుగులు వేసేవాడు. చూసినవాళ్లు ముచ్చటపడి బాలభరతుడు అని పేరు పెట్టారు.

ఆ ముచ్చట ఎక్కువ కాలం సాగలేదు. కొడుకుకు 11 ఏళ్లు నిండీ నిండకముందే సూరయ్యగారు పోయారు. పోయేముందు కొడుకును దగ్గరికి పిలిచి, సంగీతం నేర్చుకుని మంచి విద్వాంసుడివి కావాలని కోరారట. ఇల్లు గడవడమే కష్టమైన రోజులు. మేనమామ వచ్చి కుటుంబానికి అండగా నిలబడ్డారు.

ఆ వయసులోనే ఒక దెబ్బ తగిలింది. దగ్గరి ఊళ్లో జరిగిన ఉత్సవంలో పదిమంది ముందు పాడబోయి, సరైన విద్య లేక ఓడిపోయి నవ్వులపాలయ్యాడని చెబుతారు. గొంతు ఉంది, చదువు లేదు. ఆ తేడా ఆ పిల్లవాడికి ఆ రోజే తెలిసింది. సంగీతం వచ్చినవాళ్ల ఇళ్లలో పనికి కుదిరి, బట్టలుతికి, వంట చేసి, నాలుగు ముక్కలు నేర్చుకోవాలని చూశాడు. పని మిగిలింది కానీ పాఠం పెద్దగా దొరకలేదు. అప్పుడు విజయనగరంలో సంగీత కళాశాల ఉందని తెలిసింది.

విజయనగరం, ఒక డబ్బా

విజయనగరం మహారాజా సంగీత కళాశాల 1919లో మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసుగారు దాని తొలి అధ్యక్షులు. ఘంటసాల వెళ్లేనాటికి వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడుగారు అక్కడ ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. ప్రయాణ ఖర్చులకు చేతి ఉంగరం అమ్మేశాడు. నలభై రూపాయల ఉంగరం ఎనిమిది రూపాయలకే పోయిందని చెబుతారు. తీరా చేరేసరికి వేసవి సెలవులు, కళాశాల తలుపులు మూసి ఉన్నాయి. తెలిసినవాళ్లు లేని ఊళ్లో ఎక్కడ తలదాచుకోవాలో కూడా తెలియని పరిస్థితి.

అప్పుడు ఆ పిల్లవాణ్ని ఇంటికి తీసుకెళ్లి పాఠం మొదలుపెట్టినవారు పట్రాయని సీతారామశాస్త్రిగారు. సాలూరు చినగురువుగారని ఆ ప్రాంతంలో ఆయనకు పేరు. కళాశాలలో అధ్యాపకులు. ఆయనా డబ్బున్నవారు కాదు. ఉచితంగా విద్య చెప్పగలిగారు గానీ, రెండు పూటలా భోజనం పెట్టే స్తోమత లేదు. అందుకని ఘంటసాల మధుకరం ఎత్తాడు. అంటే భుజానికి జోలె కట్టుకుని, ఇంటింటి ముందు నిలబడి, వాళ్లు పెట్టిన అన్నం తెచ్చుకుని తినడం. పేద విద్యార్థులు అలా చదువుకోవడం అప్పట్లో ఉన్నదే. ఉన్నదే అయినా పరాయి గుమ్మం ముందు నిలబడటం ఎవరికీ తేలిక కాదు.

ఒక చిన్న సంగతి చెప్పాలి. పొద్దున తెచ్చుకున్న అన్నంలో సగం రాత్రికి గుడ్డలో మూటకట్టి పెట్టుకుంటే చీమలు పట్టేవట. మూత ఉన్న ఒక డబ్బా కొనుక్కోవడానికి చేతిలో డబ్బు లేదు. మేనమామకు ఉత్తరం రాశాడు. ఆయన డబ్బు పంపారు. డబ్బా వచ్చింది, చీమల బాధ తప్పింది, చదువు సాగింది. నాలుగేళ్ల కోర్సును రెండేళ్లలో పూర్తిచేశాడని ఆయన జీవితం రాసినవారంతా చెబుతారు.

జైలు, పెళ్లి, పెదపులివర్రు

చదువు పూర్తిచేసి ఊరికి వచ్చి, పెళ్లిళ్లలో, ఉత్సవాల్లో కచేరీలు చేస్తూ, పిల్లలకు పాఠాలు చెబుతూ ఉండగా 1942 వచ్చింది. క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొన్నందుకు సుమారు ఏడాదిన్నర బళ్లారి అల్లీపురం జైలులో ఉన్నారు. విడుదలయ్యాక 1944 మార్చి 4న సావిత్రిగారితో వివాహం జరిగింది. ఆ సాయంత్రం పెళ్లికొడుకే స్వయంగా కచేరీ చేశాడట.

ఇక్కడే కథ మన ప్రాంతానికి వస్తుంది. భట్టిప్రోలు పక్కన పెదపులివర్రు ఉంది. అప్పట్లో గుంటూరు జిల్లా రేపల్లె తాలూకా, 2022లో జిల్లాలు మారాక బాపట్ల జిల్లా. సినీకవి సముద్రాల రాఘవాచార్యగారిది ఆ ఊరు. మద్రాసు నుంచి వచ్చిన సముద్రాలను ఘంటసాల ఇక్కడే కలిశారు. పాట విన్న సముద్రాల, మద్రాసు వచ్చి తనను కలవమన్నారు. తెలుగు సినిమా పాట దారి మళ్లింది ఏ స్టూడియోలోనో కాదు, మన కాలవగట్ల మధ్య ఉన్న ఒక పల్లెటూళ్లో.

ఈ నేలకు పాట కొత్త కాదు. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావుగారు తెనాలి శ్రీరామవిలాస సభ నాటకాల్లో సత్యభామగా ఆంధ్రదేశాన్ని ఊపేశారు. పొన్నూరు దగ్గరి బ్రాహ్మణకోడూరు మాధవపెద్ది సత్యంగారిది. ఎస్. జానకిగారు పుట్టింది రేపల్లె ప్రాంతంలోని పల్లపట్లలో. మీ పిల్లలు బస్సులో దాటి వచ్చే ఊళ్లే ఇవన్నీ.

మద్రాసులో 116 రూపాయలు

అప్పు చేసి మద్రాసు చేరిన ఘంటసాలను సముద్రాల, చిత్తూరు నాగయ్యగారికీ బి.ఎన్. రెడ్డిగారికీ పరిచయం చేశారు. విన్నారు, బాగుందన్నారు, అవకాశం ఉన్నప్పుడు పిలుస్తామన్నారు. ఉద్యోగాలకు తిరిగినవారికి ఆ మాట అర్థం తెలుసు. సముద్రాల ఇల్లు చిన్నది. వాళ్లకు భారం కాకూడదని, ఒక వాచ్‌మన్‌కు నెలకు రెండు రూపాయలిచ్చి రాత్రిపూట అతని చోట పడుకునేవారట. రేడియోలో లలిత గీతాలు పాడారు. కోరస్‌లలో నిలబడ్డారు, చిన్న చిన్న వేషాలు కూడా వేశారు. చివరికి 1945లో విడుదలైన స్వర్గసీమలో భానుమతిగారితో కలిసి పాడే అవకాశం వచ్చింది. పారితోషికం 116 రూపాయలు.

ఆ తర్వాత దారి విశాలమైంది. 1949లో మనదేశం సినిమాకు సంగీత దర్శకత్వం చేశారు. ఎన్టీఆర్‌కు అది తొలి సినిమా. 1951లో పాతాళభైరవి, 1953లో దేవదాసు, 1957లో మాయాబజార్. మాయాబజార్‌లో కొన్ని పాటలకు సాలూరు రాజేశ్వరరావుగారు బాణీలు కట్టి తప్పుకుంటే, మిగిలిన పని అంతా ఘంటసాల పూర్తిచేశారు. ఎవరి పాట ఎక్కడ ఆగి ఎవరిది ఎక్కడ మొదలైందో వినేవాళ్లకు తెలియదు. ఇంకొకరి పనిని తన పనిగా చెయ్యడం అంటే అది. 1961లో జగదేకవీరుని కథలో పెండ్యాల నాగేశ్వరరావుగారి సంగీతంలో, దర్బారీ కానడ రాగంలో పాడిన పాటను ఈనాటికీ పాటల పోటీల్లో పిల్లలు గుండె చిక్కబట్టుకుని పాడతారు.

అన్నీ గెలుపులే కాదు. సొంతంగా పరోపకారం, సొంతవూరు లాంటి సినిమాలు తీసి బాగా నష్టపోయారు. మళ్లీ పాటే ఆయన్ను నిలబెట్టింది.

ఆయన చేసిన అసలు పని

ఘంటసాల ఎందుకు గొప్ప అంటే మనలో చాలామంది గొంతు బాగుంటుంది అని ఊరుకుంటాం. గొంతు ఒక్కటే కాదు. మూడు సంగతులు చెబుతాను, ఇంట్లో విని చూడండి.

మొదటిది పద్యం. నాటకాల రోజుల్లో పద్యం అంటే రాగం. ఒక్కో పద్యానికి పది నిమిషాల ఆలాపన, ఒన్స్‌మోర్‌లు. ఆ పద్ధతికి దాని అందం దానికుంది, తెనాలి దానికి పుట్టిల్లు లాంటిది. ఘంటసాల సినిమా కోసం ఆ రాగాన్ని తగ్గించి అర్థాన్ని ముందుకు తెచ్చారు. ఎక్కడ విరవాలో అక్కడే విరుస్తారు. కోపం ఉన్న చోట కోపం, కన్నీళ్లున్న చోట కన్నీళ్లు. చదువురానివాడికి కూడా పద్యం అర్థమైనట్టు ఉంటుంది. గుంటూరు జిల్లా కొమ్మూరులో పుట్టిన కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి పుష్పవిలాపం, కుంతీకుమారి ఆ గొంతులో రికార్డులుగా వచ్చి, పుస్తకం ముట్టని ఇళ్లకు కూడా చేరాయి.

రెండోది పలుకు. ఒత్తక్షరం ఒత్తుగా, తేలికక్షరం తేలికగా పలుకుతుంది. శ, ష, స మూడూ మూడుగానే వినిపిస్తాయి. పిల్లల డిక్టేషన్ నోట్స్‌లో నేను ఎర్ర పెన్నుతో దిద్దే తప్పుల్లో సగం చెవికి సరిగ్గా వినపడక వచ్చినవే.

మూడోది పాత్ర. ఎన్టీఆర్‌కు పాడితే ఎన్టీఆర్ పాడినట్టు, అక్కినేనికి పాడితే అక్కినేని పాడినట్టు ఉంటుంది. తన గొంతు తనదిగానే ఉంచుకుని ఎదుటివాడి మనసులోకి వెళ్లడం అన్నమాట. దేవదాసు తాగుడు మైకంలో పాడే పాటలోనూ శ్రుతి చెదరదు.

గురువు ఫీజు

ఆయన వద్ద హార్మోనియంతో ఏళ్ల తరబడి కూర్చున్న సహాయకుడు పట్రాయని సంగీతరావుగారు. విజయనగరంలో ఫీజు తీసుకోకుండా చదువు చెప్పిన సీతారామశాస్త్రిగారి కుమారుడు. ఘంటసాల పోయేదాకా ఆ జోడీ సాగింది. జోలె పట్టిన రోజుల్ని ఆయన దాచుకోలేదు, మరిచిపోలేదు. హిందుస్తానీ సంగీత సమ్రాట్టు బడే గులాం అలీఖాన్ మద్రాసు వచ్చినప్పుడు తన ఇంట్లో అతిథిగా ఉంచుకుని సేవ చేశారు. అప్పటికి ఘంటసాల తెలుగు సినిమాలో తిరుగులేని గాయకుడు. అయినా ఇంకా నేర్చుకునేది ఉందనే అనుకున్నారు.

1970లో పద్మశ్రీ వచ్చింది. 1971లో యూరప్, అమెరికా దేశాల్లో కచేరీలు చేసి వచ్చారు. తిరుమల తిరుపతి దేవస్థానం ఆస్థాన గాయకులుగా గౌరవం అందుకున్నారు. ఈలోగా ఆరోగ్యం పాడైంది. చక్కెర వ్యాధి, దాని మీద గుండెజబ్బు. 1972లో హైదరాబాద్ రవీంద్రభారతి కచేరీలోనే గుండెనొప్పి వచ్చింది.

ఆ భగవద్గీత

వైకుంఠరథాల్లో మన పిల్లలు వింటున్న గీత ఆ చివరి రోజుల్లోది. ఏడు వందల శ్లోకాల్లోంచి నూటికి పైగా ఎంచుకుని, ఒక్కో శ్లోకానికి తెలుగులో తాత్పర్యం చెబుతూ రికార్డు చేశారు. ఎప్పటినుంచో ఉన్న కోరిక అది. ఒంట్లో బాగాలేని మనిషి, ఊపిరి ఎక్కడ అందుతుందో ఎక్కడ అందదో చూసుకుంటూ పాడిన పాట అది. అయినా ఎక్కడా నీరసం వినపడదు. ఆ రికార్డు జనంలోకి వెళ్లడం ఆయన చూడలేదు. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో పోయారు. అప్పటికి వయసు 51.

గీత యుద్ధభూమిలో చెప్పింది. చేతిలో విల్లు జారిపోయి, నావల్ల కాదని కూలబడిన ఒక మనిషిని లేపి నిలబెట్టడానికి చెప్పింది. ఘంటసాల పాడింది బతికున్నవాళ్ల కోసమే. మనం దాన్ని చావు బండికి కట్టేశాం. ఆ అబ్బాయికి నేను మర్నాడు ఇదే చెప్పాను. పరీక్ష హాల్లో చేతులు వణికినప్పుడు నీకు ఎలా ఉంటుందో అర్జునుడికీ అలాగే ఉందని చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, అయితే ఆయన భయపడేవాళ్ల కోసం పాడాడా అని అడిగాడు. అవునన్నాను.

బాపట్ల నుంచి వచ్చిన తండ్రిగారికి

అయ్యా, సంగీతం నేర్చుకుంటే మీ పాప ఘంటసాల అవుతుందని నేను చెప్పను. ఆ దారిలో వెళ్లి అన్నానికి లేక వెనక్కి వచ్చినవాళ్లు ఎందరో ఉన్నారు. మ్యాథ్స్ వద్దని అంతకన్నా చెప్పను. నేను చెప్పేది ఇంతే. పదిమందిలో ఓడిపోయి వచ్చిన పిల్లవాణ్ని ఇంట్లోవాళ్లు మళ్లీ పాడొద్దు అనలేదు. డబ్బా కావాలని ఉత్తరం వస్తే, అన్నం దొరకని చదువు నీకెందుకురా అని మేనమామ తిరిగి రాయలేదు. పిల్లకు ఇష్టమైన ఆ ఒక్క గంటను ఈ ఏడాదికి ఉంచండి. డౌట్స్ నేను సాయంత్రం చూసుకుంటాను.

ఈ నెల మీ ఇంట్లో

భోజనాల దగ్గర ఒక్క ఘంటసాల పాట పెట్టండి. మాటలు ఎంతవరకు అర్థమయ్యాయో పిల్లల్ని అడగండి.

సువర్ణసుందరి రాగమాలికను హిందీలో, తెలుగులో ఒకేసారి వినండి. ఏది బాగుందో తేల్చాల్సిన పని లేదు. తేడా ఏమిటో పిల్లలే చెబుతారు.

పాఠ్యపుస్తకంలోని ఒక పద్యాన్ని ముందు మామూలుగా చదివించి, తర్వాత ఆయన పద్ధతిలో విరిచి చదివించండి.

ఇంట్లో తాతయ్య, అమ్మమ్మ ఉంటే, ఆ గొంతు మొదట ఎక్కడ విన్నారో అడిగి రాసుకురమ్మనండి. మంచివి వచ్చే నెల ఇదే పేజీలో వేస్తాం.

పొద్దున్నే తొందరలో పిల్లల క్యారియర్ కట్టి మూత బిగిస్తున్నప్పుడు, విజయనగరంలో చీమలు పట్టకుండా అన్నం దాచుకున్న ఆ డబ్బాను ఒక్కసారి గుర్తుచేసుకోండి. ఆ కథ పిల్లలకూ చెప్పండి.